పోయిన పొగ మధ్యాహ్నానికి తిరిగొస్తుంది

కొత్త ఫ్యాక్టరీకి గానీ, ఉన్న విద్యుత్ కేంద్రం విస్తరణకు గానీ అనుమతి అడిగేటప్పుడు ఇచ్చే పర్యావరణ రిపోర్టు ఎప్పుడైనా తిరగేశారా? వందల పేజీలుంటుంది, చివరిదాకా చదివినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. అందులో నాలుగో అధ్యాయంలో ఒక రంగుల బొమ్మ ఉంటుంది. ఉపగ్రహ చిత్రం మీద చిమ్నీ ఉన్నచోట చిన్న గుర్తు, అక్కణ్ణుంచి ఒక పక్కకు సాగిపోయిన వలయాలు, లోపల ఎరుపు, తర్వాత పసుపు, బయటికి పోయేకొద్దీ ఆకుపచ్చ. కింద ఒక లైను: ఈ ప్లాంటు వల్ల గాలిలో పెరిగే కాలుష్యం ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు, ప్రమాణాలకు లోబడే ఉంది. ఆ బొమ్మలు గీయడమే నా ఉద్యోగం. మాది నాయుడుపేట దగ్గర, చదువుకని చెన్నై వచ్చి ఇక్కడే ఒక కన్సల్టెన్సీలో ఉండిపోయాను. ఏ కన్సల్టెన్సీ అని అడక్కండి, ఉద్యోగం ఇంకా కావాలి.

ఆ బొమ్మ అబద్ధమని చెప్పడానికి ఇది రాయడం లేదు. లెక్క మటుకు లెక్కే, ఎవరు చేసినా అదే వస్తుంది. నా గొడవల్లా ఒకటే. ఆ బొమ్మలో పొగ ఒక దిక్కుకు వెళ్ళిపోతూ ఉంటుంది, వెళ్ళినది వెళ్ళినట్టే. చెన్నైలో అలా వెళ్ళిపోదు. గాల్లోకి వదిలినా, నీళ్ళలోకి వదిలినా, పోయిందనుకున్నది పూట తిరక్కుండానే వెనక్కొస్తుంది, ఎందుకంటే ఊరి అంచున సముద్రం ఉంది. మేం రోజూ వాడే మోడళ్ళకు ఆ సంగతి తెలియదు.

అసలు లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చిమ్నీలోంచి సెకనుకు ఎంత సల్ఫర్ డయాక్సైడ్ వస్తోంది, ఎంత ఎత్తు నుంచి, ఎంత వేడిగా, గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంగా వీస్తోంది, ఎండ ఎలా ఉంది, ఇవి ఇస్తే చాలు. పొగ గాలివాలుగా సాగుతూ పక్కలకీ పైకీ కిందికీ పరుచుకుంటుంది, మధ్యలో చిక్కగా, అంచులకు పోయేకొద్దీ పలచగా. స్టాటిస్టిక్స్ క్లాసులో గంట ఆకారంలో గీసిన గ్రాఫ్ గుర్తుంటే అదే ఇది, అందుకే గాసియన్ మోడల్ అంటాం. పొగ ఎంత త్వరగా పరుచుకుంటుందో చెప్పడానికి 1961లో ఫ్రాంక్ పాస్క్విల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు తరగతులు పెట్టాడు. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం ఎ, మబ్బుల్లేకుండా గాలి మందగించిన రాత్రి ఎఫ్. ఇప్పుడు ఎక్కువగా వాడే ఏర్‌మోడ్‌ను అమెరికా పర్యావరణ సంస్థ 2005లో అధికారిక మోడల్‌గా ప్రకటించింది, అది ఆ తరగతులను పక్కనపెట్టి నేల ఎంత వేడెక్కింది, గాలి నేలను ఎంత రాసుకుంటూ పోతోంది అన్నవి లెక్కగట్టి ఇంకాస్త మెరుగ్గా చెబుతుంది. కానీ కుటుంబం అదే. ఈ కుటుంబానికి పునాది వేసిన కొలతల్లో ముఖ్యమైనవి 1956లో నెబ్రాస్కా గడ్డిమైదానాల్లో తీసుకున్నవి. చుట్టూ చదును నేల, కొన్ని వందల కిలోమీటర్ల దాకా సముద్రం ఊసే లేదు.

ఇందులో తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, గాలి వేగం హారంలో ఉంటుంది. గాలి సున్నా అయితే సమాధానం అనంతమైపోతుంది కాబట్టి గాలి ఆడని గంటలను ఏర్‌మోడ్ లెక్కలోంచే తీసేస్తుంది. మనుషులకు అవే చెడ్డ గంటలు, అయినా తీసేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం: ప్రతి గంటనూ అది కొత్తగా మొదలెడుతుంది. పదింటికి వదిలిన పొగ పదకొండింటికి ఎక్కడుందో దానికి పట్టదు. గాలి దిక్కు మారిందా, పొగ మొత్తం ఒక్కసారిగా కొత్త దిక్కులో పరిధి చివరిదాకా తిన్నగా సాగినట్టు లెక్కేస్తుంది. పాత పొగ ఏమైంది? ఏమీ కాలేదు, అసలు లేదు.

ఇప్పుడు చెన్నైలో మే నెల గాలి ఫైలు తెరవండి. గంటకో వరుస. ఇలాంటి మూడు వరుసలు వారంలో చాలా రోజులు కనిపిస్తాయి: పదకొండింటికి గాలి 280 డిగ్రీల నుంచి, అంటే పడమర నుంచి, సెకనుకు రెండు మీటర్లు, పన్నెండింటికి దాదాపు సున్నా, ఒంటిగంటకు 120 డిగ్రీల నుంచి, అంటే ఆగ్నేయం నుంచి, సెకనుకు నాలుగు మీటర్లు, పైగా ఎండ నడినెత్తిన ఉండగానే ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పడిపోయి ఉంటుంది. సముద్ర గాలి వచ్చిందన్నమాట. చెన్నైలో ఉండేవాళ్ళకు ఇది ఫైలు చూడక్కర్లేదు, పడమటి గాలి జోరుగా ఉన్న రోజు సముద్ర గాలి ఆలస్యమై ఊరు కుతకుతలాడిపోతుంది, ఆ రోజు పేపర్లో 40 దాటిందని వస్తుంది.

ఆ మూడు వరుసల్ని మోడల్ ఎలా చదువుతుందో చూడండి. పదకొండింటికి ఉత్తర చెన్నైలో రిఫైనరీ ఉన్న మణలి పొగ తూర్పుకు, తిరువొత్తియూర్ మీదుగా సముద్రంలోకి వెళ్ళిపోయింది. పన్నెండు గంటల వరుస తీసేశారు. ఒంటిగంటకు కొత్త పొగ పడమర వైపు. నిజంగా జరిగేది వేరు. పొద్దున సముద్రం మీదికి పోయిన పొగ అక్కడ చల్లటి నీటి మీద పెద్దగా కలవకుండా పరుచుకుని ఉంటుంది, మధ్యాహ్నం సముద్ర గాలి దాన్నే తిరిగి ఊరి మీదికి తోసుకొస్తుంది, దానికి ఒంటిగంట పొగ కూడా తోడవుతుంది.

మా పిన్నివాళ్ళు మణలికి పడమరగా మాత్తూర్‌లో ఉంటారు. నా స్నేహితుడొకడు తూర్పున తిరువొత్తియూర్‌లో. ఒకసారి ఇద్దరూ మా ఇంట్లో కలిశారు, వాసన గురించి పెద్ద వాదన. పిన్నేమో "పొద్దున ఏమీ ఉండదురా, వంటయి అన్నాలు తినే వేళకు మొదలవుతుంది, కిటికీలు వేసుకుని ఫ్యాన్ కింద కూర్చోవడమే" అంటుంది. వాడేమో "అదేంటి పిన్నీ, మాకు తెల్లారుజామున కదా, మధ్యాహ్నం హాయిగా ఉంటుంది" అంటాడు. ఇద్దరూ నన్ను చూశారు, ఎవరిది కరెక్టో చెప్పమని. ఇద్దరిదీ కరెక్టే, మధ్యలో గాలి తిరిగింది. ముక్కుకు తెలిసేది ఎక్కువగా గంధకపు వాసనలు, మేం లెక్కలేసే సల్ఫర్ డయాక్సైడ్‌తో దానికి నేరుగా పోలిక లేదు, కాబట్టి పిన్ని మాటను రిపోర్టులో పెట్టలేను. కానీ ఏ గంటలో వెతకాలో నాకు ఆ రోజే తెలిసింది.

సముద్ర గాలికి ఇంకో గుణం ఉంది. సముద్రం మీంచి వచ్చే గాలి చల్లగా, పొరలు పొరలుగా, నిలకడగా ఉంటుంది, అందులో పొగ కిందికి దిగదు. ఆ గాలి ఒడ్డు దాటి వేడి నేల మీదికి రాగానే కింద నుంచి ఉడకడం మొదలవుతుంది. ఒడ్డు దగ్గర ఆ ఉడికే పొర చాలా పలచన, లోపలికి పోయేకొద్దీ మందమవుతుంది. విద్యుత్ కేంద్రాలున్న ఎన్నూర్ ఒడ్డున ఎత్తైన చిమ్నీలోంచి వచ్చిన పొగ మొదట నిలకడగా ఉన్న పై పొరలో తేలుతూ పోతుంది, కింద ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. కొన్ని కిలోమీటర్లు పోయాక కింది పొర పెరుగుతూ వచ్చి పొగను అందుకుంటుంది, అక్కడ ఒక్కసారిగా మొత్తం నేలకు దింపేస్తుంది. మన దేశంలో 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ కట్టాలని రూలు పెట్టింది పొగ పైనే పలచబడిపోతుందన్న లెక్కతో. ఒడ్డున మాత్రం ఆ ఎత్తు చేసే పని, ప్లాంటు పక్కనున్న జాలర్ల కుప్పాన్ని తప్పించి దూరంగా ఉన్న కాలనీ మీద పోయడం. ఏర్‌మోడ్‌కు ఇచ్చేది ఒక్క వాతావరణ స్టేషన్ డేటా, అది పరిధి మొత్తానికీ ఒకటే గాలిపొర అనుకుంటుంది, కాబట్టి ఈ ఎరుపు మచ్చ దాని బొమ్మలో రాదు. విశాఖ వాళ్ళకు ఇదంతా కొత్తేం కాదనుకుంటా, వాళ్ళకు సముద్రంతో పాటు కొండలు కూడా అడ్డం.

సరే, ఆ ఒక్క స్టేషన్ ఏది? చాలా రిపోర్టుల్లో మీనంబాక్కం, ఎయిర్‌పోర్టు దగ్గరిది. డేటా బాగుంటుంది, ఏళ్ళ తరబడి ఖాళీల్లేకుండా దొరుకుతుంది, అందుకే అందరూ తీసుకుంటారు. కానీ అది ఊరికి దక్షిణాన, ఒడ్డు నుంచి లోపలికి ఉంది. ఎన్నూర్ ఉత్తరాన, ఒడ్డు మీదే. మీనంబాక్కానికి సముద్ర గాలి చేరేది ఆలస్యంగా, ఊరి మేడలన్నీ దాటుకుని నీరసించి. దాంతో ఎన్నూర్ పొగను నడిపిస్తే వచ్చేది ఎన్నూర్ మధ్యాహ్నం కాదు.

దీనికి తోడు సీజన్ లెక్క. గాలి కొలతలు వానాకాలం కాని ఒక సీజన్‌లో, మూడు నెలలు తీసుకుంటే సరిపోతుంది. చెన్నైలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి, పొగను సముద్రం వైపు తోసేది. అక్టోబర్ నుంచి ఈశాన్య గాలి, అది ఎన్నూర్, మణలి పొగను తిన్నగా రాయపురం, చాకలిపేట, ప్యారిస్ కార్నర్ వైపు తెచ్చేది. మార్చి నుంచి మే దాకా కొలిస్తే ఈ రెండూ రావు. రూలు ప్రకారం తప్పేమీ లేదు.

క్లయింట్ల సంగతి చెప్పకపోతే ఈ పోస్టుకు అందం రాదు. ఒకాయన నా బొమ్మ చూసి, "అంకె ఓకే సార్, కానీ ఈ ఎరుపు చూస్తే జనం టెన్షన్ పడతారు, లేత ఆకుపచ్చతో మొదలెట్టండి" అన్నారు. అంకె మార్చమనలేదు కాబట్టి అదేమీ నేరం కాదు. మార్చాం. ఇప్పుడు ఆ రిపోర్టులో గరిష్ఠ కాలుష్యం పచ్చిక బయల్లా ఉంటుంది.

భోగి గురించి ఒక్క మాట, ఎందుకంటే అది అందరికీ అర్థమవుతుంది. అతి సులువైన మోడల్‌లో ఊరంతా ఒక పెట్టె: పొగ మొత్తాన్ని గాలి వేగంతో, గాలి కలిసే ఎత్తుతో భాగిస్తే ఎంత చిక్కనో వస్తుంది. జనవరి తెల్లారుజామున చెన్నైలో ఆ ఎత్తు మధ్యాహ్నంతో పోలిస్తే చాలా తక్కువ, గాలి వేగమూ అంతే. ఆ గంటలోనే అందరం పాత చాపలు, టైర్లు మంటలో వేస్తాం. 2018లో భోగి పొద్దున పొగ, మంచు కలిసి ఎయిర్‌పోర్టులో విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నిటిని దారి మళ్ళించారు. అదే మంట మధ్యాహ్నం రెండింటికి వేసి ఉంటే ఆ పొగ పలచబడిపోయేది. పండగ టైము మార్చమని మా అమ్మకు చెప్పి చూశాను, ఆవిడ చూసిన చూపుకు మళ్ళీ ఎత్తలేదు.

ఇక నీళ్ళు. ఇక్కడా అదే కథ, ఇంకా మొండిగా.

నదిలో మురుగు కలిస్తే ఆక్సిజన్ ఎలా తగ్గి మళ్ళీ ఎలా పుంజుకుంటుందో చెప్పే మొదటి సమీకరణం 1925 నాటిది, స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు అమెరికాలోని ఒహాయో నది కోసం రాసింది. మురుగును తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేసుకుంటాయి, పైనుంచి గాలి మళ్ళీ కలుస్తూ ఉంటుంది, నది ముందుకు పారుతూ ఉంటుంది. ఆక్సిజన్ గ్రాఫ్ మొదట కిందికి వంగి, కొన్ని మైళ్ళ తర్వాత పైకి లేస్తుంది. ఇవాళ్టి క్వాల్‌2కె లాంటి మోడళ్ళకు కూడా మూలం అదే. దీన్ని చెన్నై నడుమ పారే కూవం నదికి పెట్టి ఒకసారి ఎక్సెల్‌లో చేసి చూడండి, సరదాగా ఉంటుంది: సెంట్రల్ స్టేషన్ చేరకముందే ఆక్సిజన్ సున్నా కన్నా కిందికి, మైనస్‌లోకి పోతుంది. లీటరుకు మైనస్ ఇన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ అంటే ఏమిటో దేవుడికే తెలియాలి. సమీకరణం తప్పేం కాదు, ఇంత మురుగును అది ఊహించలేదు. నిజంలో సున్నా దగ్గర వేరే రకం సూక్ష్మజీవులు పని అందుకుంటాయి, అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడే మనం బస్సు వంతెనెక్కగానే ముక్కు మూసుకునే వాసన.

అంతకన్నా పెద్ద చిక్కు, నది ముందుకు పారుతుందన్న మాట. కూవంలో వానాకాలం తప్ప మిగతా రోజుల్లో పై నుంచి వచ్చే మంచినీళ్ళు లేవు, ఉన్నదంతా ఊరి మురుగే. నది సముద్రంలో కలిసే మొగ నేపియర్ బ్రిడ్జి దగ్గర, అక్కడ ఇసుక మేట. 19వ శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి ఒడ్డు వెంబడి ఉత్తరానికి నడిచే ఇసుక ఆగిపోయింది. మెరీనా బీచ్ అంత వెడల్పయింది దాని పుణ్యమే, రాయపురానికి ఉత్తరాన ఒడ్డు కోసుకుపోయిందీ దాని వల్లే, కూవం మొగ పూడుతూ ఉండేదీ ఆ ఇసుకతోనే. చెన్నైలో ఆటుపోట్ల తేడా మీటరుకు అటూఇటూ, పెద్దదేం కాదు. మొగ తవ్వి తెరిచి ఉంచితే పోటు నీరు లోపలికొచ్చి కాస్త కడుగుతుంది, ఆటులో బయటికి పోయిన మురుగులో కొంత తర్వాతి పోటుకు మళ్ళీ లోపలికే వస్తుంది. మొగ పూడిందా, అదీ లేదు. అందుకని ఇక్కడ మోడల్‌లో మొగ దగ్గర ఏం రాశారన్నదే మొత్తం జవాబును మార్చేస్తుంది. పై నుంచి ఎంత మురుగు వస్తుందో పేజీల కొద్దీ లెక్కలేసి, మొగ దగ్గర మాత్రం "ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసిన పనులు నేను చూశాను. శుద్ధి కేంద్రం కట్టగానే నది బాగుపడిపోతుందని అలాంటి మోడల్ చెబుతుంది.

ఎన్నూర్‌లో 2023 డిసెంబర్‌లో జరిగింది గుర్తుందా? బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానే, దాటేముందు చెన్నైని ముంచి పోయింది. ఆ వరదలో మణలి రిఫైనరీ వైపు నుంచి నూనె కొట్టుకొచ్చి, బకింగ్‌హామ్ కాలువలో పడి, కుశస్థలి ఉప్పుటేరు మొగకు చేరింది. ఎర్నావూర్‌లో ఇళ్ళ గోడల మీద వరద ఎంత ఎత్తు వచ్చిందో నల్లటి గీత చెప్పింది. కుశస్థలికి మన నగరి నుంచి కూడా నీళ్ళొస్తాయి కదా, వరదకు నూనె మొత్తం సముద్రంలోకి కొట్టుకుపోతుందని అనుకోవచ్చు. కొంత పోయింది. మిగతాది వరద తగ్గాక పోటుతో వెనక్కొచ్చి మడ చెట్ల వేళ్ళకు, పడవలకు, వలలకు పట్టుకుంది. ప్రతి పోటుకీ కొంచెం లోపలికి, ప్రతి ఆటుకీ కొంచెం బయటికి. కాట్టుకుప్పం వాళ్ళు రోజుల తరబడి చేపల వేటకు పోలేదు.

నూనె విషయంలో మాత్రం మోడలింగ్ చేసేవాళ్ళు మాకన్నా నిజాయితీగా ఉంటారని ఒప్పుకోవాలి. 2017 జనవరి 28న ఎన్నూర్ కామరాజర్ పోర్టు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికినప్పుడు (కుర్రాళ్ళు బకెట్లతో ఎత్తిపోసిన ఫొటోలు మీరు చూసే ఉంటారు), అది ఎటు పోతుందో చెప్పాల్సింది సముద్ర సమాచారమిచ్చే కేంద్ర సంస్థ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. వాళ్ళు వాడే నోమ్ (GNOME) మోడల్‌లో నూనెను వేల చుక్కలుగా వదులుతారు. ఒక్కో చుక్క నీటి ప్రవాహంతో పాటు, గాలి వేగంలో సుమారు 3 శాతం చొప్పున గాలివాలుగా కదులుతుంది, ఒడ్డు తగిలితే అతుక్కుంటుంది, అలలు మళ్ళీ లాగితే మళ్ళీ బయల్దేరుతుంది. ప్రతి చుక్కకూ తానెక్కడుందో గుర్తుంటుంది. గాలి తిరిగితే తానున్న చోటు నుంచే తిరుగుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, అది రెండు రకాల చుక్కలు చూపిస్తుంది: మా అంచనా ఇది అని నల్లవి, గాలి, ప్రవాహం లెక్కల్లో తేడా ఉంటే ఇక్కడిదాకా కూడా రావచ్చని ఎర్రవి. తీరంలో పనిచేసేవాళ్ళు ఎర్ర చుక్కల్ని చూసి సిద్ధమవుతారు. చిమ్నీ రిపోర్టులో ఒకే ఒక అంకె, దశాంశం తర్వాత రెండు స్థానాలతో.

మిచౌంగ్ వచ్చిన ఆ 2023 డిసెంబర్‌లోనే, 26 రాత్రి ఎన్నూర్‌లో సముద్రం అడుగున ఉన్న పైపులోంచి అమ్మోనియా లీకై పెరియకుప్పం, చిన్నకుప్పం జనం అర్ధరాత్రి ఇళ్ళు వదిలి పరిగెత్తారు, చాలామంది ఆస్పత్రిలో చేరారు. ఇలాంటి ప్రమాదాలకు ముందుగా వేసుకునే లెక్కల్లో ఎక్కువ కనిపించేది అలోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అది గంట సేపటికి మించి లెక్కించదు, ఆ గంటంతా ఒకే గాలి వీస్తుందనుకుంటుంది, నీటి అడుగు నుంచి పొంగే గ్యాసు దాని పరిధిలోనే లేదు.

మరి చేయడానికి ఏం లేదా అంటే ఉంది, కొత్తదీ కాదు. పొగను ముద్దలు ముద్దలుగా వదిలి ఒక్కో ముద్దనూ గంట గంటకూ వెంబడించే కాల్‌పఫ్ ఎప్పటి నుంచో ఉంది, ఒడ్డున పెరిగే గాలిపొరకు అందులో విడిగా ఏర్పాటు కూడా ఉంది. సముద్ర గాలిని స్వయంగా పుట్టించే డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి వాతావరణ మోడళ్ళు ఉచితం. ఒకప్పుడు కంప్యూటర్ చాలదనేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట చెల్లదు, మా ఆఫీసులో పాటలు వింటూ నడిపే మెషీన్ మీద రాత్రికి రాత్రి అయిపోతుంది. వాడకపోవడానికి కారణం, అడిగేవాళ్ళు లేకపోవడమే. ఏర్‌మోడ్‌తో చేసిన రిపోర్టు ఎలాగూ పాసవుతుంది, ఎక్కువ పని చేస్తే ఎక్కువ ఎరుపు వస్తుంది, ఆ ఎరుపుకు డబ్బులెవరిస్తారు?

అందుకే అడిగే చోటు ఒకటి చెబుతాను. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుల్లో చాలావాటికి బహిరంగ విచారణ పెట్టాలి, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. ఉత్తర చెన్నైలో అది తమిళంలో ఉంటుంది, మోడల్ అధ్యాయం మాత్రం ఇంగ్లీషులోనే. అక్కడ మైకు దొరికితే పర్యావరణం గురించి ఉపన్యాసం వద్దు, దాన్ని ఎవరూ రాసుకోరు. మీ గాలి డేటా ఏ స్టేషన్‌ది, ఏ నెలలది, గాలి ఆడని గంటలు ఎన్ని తీసేశారు అని అడగండి. మీనంబాక్కం అంటే, మణలిలోనే నిరంతరం కొలిచే స్టేషన్ ఉంది కదా, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైటులో ఎవరైనా ఆ డేటా దింపుకోవచ్చు కదా, అదెందుకు తీసుకోలేదని అడగండి. విచారణలో వచ్చిన ప్రతి ప్రశ్నకూ తుది రిపోర్టులో జవాబుండాలి. ఆ జవాబు రాయాల్సింది మాలాంటి వాళ్ళే, రాయాలంటే ముందు ఆ డేటాతో మోడల్ నడపక తప్పదు.